ఎవరూ చూడని త్రో కూడా లెక్కే

"ఎవరు చూశారు బాబాయ్?"

మొన్న వేసవిలో మా అన్నయ్య కొడుకు నన్నడిగిన మాట ఇది. ఊరు అడవులదీవి. సాయంత్రం పూట కాలవగట్టు మీద ఇద్దరం ఓ ఆట ఆడుతున్నాం. చేతిలో పళ్లెం లాంటి చిన్న ప్లాస్టిక్ డిస్క్. దూరంగా ఓ తాడిచెట్టు. ఎన్ని విసుర్లకు డిస్క్ ఆ చెట్టుకు తగిలితే అంత స్కోరు. తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. నా డిస్క్ తుమ్మకంపలో పడితే వెతుక్కుంటున్నాను. తిరిగొచ్చేసరికి వాడు చెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎంతరా?"

"మూడు బాబాయ్."

చూస్తే ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. డిస్క్ కాలవలో పడితే దిగి తీసుకొచ్చాడన్నమాట. నీళ్లలో పడిన విసురూ లెక్కే. దానికి అదనంగా ఒకటి పెనాల్టీ. అంటే వాడి స్కోరు అయిదు. ఆ మాటంటే నవ్వేశాడు. "ఎవరు చూశారు బాబాయ్?" అన్నాడు. నేనూ నవ్వాను.

రాత్రి భోజనాలయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. బీటెక్ అయి ఏడాదిన్నర. ఉద్యోగం లేదు. హైదరాబాద్‌లో ఒకాయన రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు, ఫోన్ చేస్తే 'అవును, మా దగ్గరే పనిచేశాడు' అని చెప్పే మనిషి... అన్నీ కలిపి ప్యాకేజీగా ఇస్తాడట. డబ్బు సర్దుతానేమోనని నన్నడిగాడు. "మా బ్యాచ్‌లో చాలామంది పెట్టుకున్నారు బాబాయ్. ఎవరు చూస్తారు?"

ఒకే రోజు అదే మాట రెండోసారి. ఈసారి నాకు నవ్వు రాలేదు.

మీలోనూ చాలామందికి ఇలాంటి ఫోన్ వచ్చే ఉంటుంది. రాకపోతే రేపో మాపో వస్తుంది. అందుకే ఆ రాత్రి వాడికి చెప్పిందంతా ఇప్పుడు మీకూ చెబుతున్నాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది. ముందు ఆ ఆట గురించి నాలుగు ముక్కలు.

అంపైర్ లేని ఆట

దాని పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫ్ అనగానే తెల్లబంతి, ఖరీదైన కర్రలు, పెద్దోళ్ల క్లబ్బులు గుర్తొస్తాయి కదా. ఇక్కడ అవేవీ ఉండవు. బంతికి బదులు డిస్క్, గుంతకు బదులు ఇనుప స్తంభానికి బిగించిన బుట్ట. బుట్టపైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్క్ గొలుసులకు కొట్టుకుని బుట్టలో పడితే ఆ హోల్ పూర్తయినట్టు. మామూలుగా ఒక కోర్సులో 9 లేదా 18 హోల్స్ ఉంటాయి. దూరానికి డ్రైవర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, దగ్గరికొచ్చాక పటర్ అని మూడు రకాల డిస్కులు వాడతారు. కొత్తవాళ్లకు ఒక్కటి చాలు. అమెరికాలో చాలా కోర్సులు పార్కుల్లోనే ఉంటాయి, ఆడటానికి ప్రత్యేకంగా ఫీజు కూడా ఉండదు.

దీన్ని ఒక పద్ధతిలో పెట్టినాయన ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ కంపెనీలో పనిచేశాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి కోర్సు వేయించాడు. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ పెట్టాడు. పొట్టిగా పీడీజీఏ అంటారు. ఈ ఆట మీద ఆయనకున్న పిచ్చి ఎంతటిదంటే, 2002లో చనిపోయాక ఆయన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు చేశారు!

ఇప్పుడు ఆటతో కోట్లు సంపాదించేవాళ్లూ ఉన్నారు. పాల్ మెక్‌బెత్ అనే ఆటగాడు 2021లో ఒక డిస్కుల కంపెనీతో పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అలాగని ఇందులో కెరియర్ వెతుక్కోమని చెప్పడం లేదు. నాకు నచ్చింది వేరే ఉంది. ఈ ఆటలో మామూలుగా అంపైర్ ఉండడు.

ముగ్గురో నలుగురో ఒక గుంపుగా ఆడతారు. ఎవరి విసుర్లు వాళ్లే లెక్కపెట్టుకుంటారు. తప్పు జరిగితే ఆటగాళ్లే చెప్పాలి. తన తప్పు తనే చెప్పుకోవచ్చు. డిస్క్ హద్దు దాటితే ఒక పెనాల్టీ. తర్వాత అది హద్దు దాటిన చోటి నుంచి మీటరు లోపలికి వచ్చి ఆడొచ్చు. డిస్క్ కనిపించకపోతే మూడు నిమిషాలు వెతకొచ్చు. దొరక్కపోతే పెనాల్టీ వేసుకుని ముందుకు పోవాల్సిందే. మీ వంతు వచ్చి, దారి ఖాళీ అయ్యాక విసరడానికి ముప్పై సెకన్లు. అంతే!

నది ఒడ్డున 'ఎనిమిది'

నేనీ ఆట నేర్చుకున్నది ఊళ్లో కాదు. కొన్నేళ్ల కిందట కంపెనీ పని మీద మూడు నెలలు అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్నాను. ఓ శనివారం ఇద్దరు సహోద్యోగులు 'క్యాంపింగ్‌కు పోదాం రా' అని లాక్కెళ్లారు. ఒరెగాన్ రాష్ట్రంలో ఎస్టకాడా అనే చిన్న ఊరి దగ్గర, క్లాకమస్ నది ఒడ్డున మైలో మెకైవర్ స్టేట్ పార్క్ ఉంది. గుడారాలు వేసుకోవడానికి క్యాంప్‌గ్రౌండ్, అదే పార్కులో డిస్క్ గోల్ఫ్ కోర్సు. బీవర్ స్టేట్ ఫ్లింగ్ అనే పేరున్న టోర్నమెంటుకు వేదికైన కోర్సు అది. తలెత్తితే చివర కనపడని డగ్లస్ ఫర్ చెట్లు. పక్కనే చల్లటి నది. కాలవ నీళ్లు, రొయ్యల చెరువుల మధ్య పెరిగినవాడికి నీళ్లు కనపడితే చాలు, ప్రాణం లేచొస్తుంది.

మా ముగ్గురితో పాటు పక్క గుడారంలోని ఒక పెద్దాయన కూడా ఆటలో కలిశాడు. రిటైరైన మనిషి. మొదటి హోల్ పార్ మూడు. అంటే బాగా ఆడేవాడు మూడు విసుర్లలో ముగించాలి. నా మొదటి విసురు చెట్టుకు కొట్టుకుని వెనక్కే వచ్చింది. రెండోది పొదల్లోకి. మూడోది మళ్లీ చెట్టుకు. మిగతా ముగ్గురూ ఎవరి డిస్కుల దగ్గరికి వాళ్లు పోయారు. నా తిప్పలు చూసే తీరిక ఎవరికీ లేదు. ఎలాగో బుట్టలో వేశాను.

అప్పుడు స్కోరు రాసేవాడు ఒక్కొక్కరి పేరే పిలిచాడు. ఆ ఆటలో పద్ధతే అంత. పేరు పిలిస్తే మీ స్కోరు మీ నోటితో, గుంపులో అందరికీ తెలిసేలా చెప్పాలి. ఒకరు 'మూడు' అన్నారు. ఇంకొకరు 'నాలుగు'. పెద్దాయన 'మూడు'. నా పేరు వచ్చింది.

ఆరు అందామా అనుకున్నాను. పొదల్లోవి రెండూ ఎవరికీ తెలీదు. పైగా అది టోర్నమెంటు కూడా కాదు. ఒక్క క్షణం ఆగి, 'ఎనిమిది' అన్నాను.

ఎవరూ నవ్వలేదు. కార్డు మీద రాసుకున్నారు. పెద్దాయన మాత్రం నా దగ్గరికొచ్చి, "ఎనిమిదా? అయితే నీ పట్టులో ఏదో తేడా ఉంది, విసిరి చూపించు" అన్నాడు. చూపించాను. డిస్క్ వదిలేటప్పుడు నా మణికట్టు పైకి లేస్తోందట. ముందు అంచు పైకి లేస్తే డిస్క్ గాలిలో నిలబడిపోయి, ఊపు చచ్చి పక్కకు జారిపోతుంది. అంచును నేలకు సమాంతరంగా ఉంచి, చెయ్యి ఛాతీకి దగ్గరగా లాగి వదలమన్నాడు. గట్టిగా విసరడం మానేసి నున్నగా విసరమన్నాడు. తర్వాతి హోల్ ఆరు. ఆ తర్వాత అయిదు. మధ్యాహ్నానికి ఒకచోట నాలుగు కూడా వచ్చింది.

రాత్రి గుడారంలో పడుకున్నాక తట్టింది. నేను 'ఆరు' అని ఉంటే ఏమయ్యేది? 'కొత్తవాడు, పర్లేదు' అనుకుని ఊరుకునేవాడు. నేను చెప్పిన నిజమైన అంకె వల్లే నాకు పాఠం దొరికింది.

అది అంతగా మనసులో ఎందుకు దిగిందంటే, అంతకు చాలా ఏళ్ల ముందు ఒకసారి నేను 'ఆరు' అని చెప్పినవాడిని.

నా అయిదు నెలల ఉద్యోగం

చదువు బాపట్లలో అయింది. తర్వాత హైదరాబాద్. ఏడాది పాటు హాస్టల్లో ఉండి కోచింగులు, వాకిన్లు. ఎక్కడికెళ్లినా అదే ప్రశ్న... 'ఎక్స్‌పీరియన్స్ ఎంత?' చివరికి ఒక కన్సల్టెన్సీ ఏడాదిన్నర అనుభవం ఉన్నట్టు కాగితాలు చేతిలో పెట్టింది. ఉద్యోగం వచ్చింది. ఇంట్లో పండగ. నాన్న వీధి వీధంతా స్వీట్లు పంచాడు.

అయిదు నెలలు పనిచేశాను. ఒకరోజు హెచ్ఆర్ వాళ్లు పిలిచారు. వెరిఫికేషన్ రిపోర్టు వచ్చిందట. నేను పనిచేశానని చెప్పిన చిరునామాలో ఉన్నది ఒక జిరాక్స్ షాపు. వాళ్లు అరవలేదు, తిట్టలేదు. ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లమన్నారు. ఆ రాత్రి బయల్దేరి తెనాలిలో దిగి, రేపల్లె బండి ఎక్కాను. నాన్నకు 'ప్రాజెక్టు అయిపోయింది' అని చెప్పాను. ఆయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక్కడ 'చూశారా, దొరికిపోయాడు' అని ముగిస్తే అది సగం నిజమే అవుతుంది. నాతో పాటు అదే కన్సల్టెన్సీలో కాగితాలు తీసుకున్నవాళ్లలో దొరకని వాళ్లూ ఉన్నారు. ఒకరిద్దరు ఇప్పుడు మేనేజర్లు. కాబట్టి అందరూ దొరికిపోతారని మీకు అబద్ధం చెప్పను.

దొరకడం కంటే నన్ను ఎక్కువ కాల్చింది ఆ అయిదు నెలలే. ఏడాదిన్నర అనుభవం ఉన్నవాడు అడగకూడని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. 'ఈ టూల్ ఎలా వాడాలి?' అని అడగలేను. 'ఈ మాటకు అర్థమేంటి?' అనలేను. పక్క సీట్లో ఫ్రెషర్‌గా చేరిన అమ్మాయి అన్నీ అడిగేది. లీడ్ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. నేను దూరం నుంచి వినేవాణ్ని, రాత్రిళ్లు యూట్యూబ్‌లో వెతుక్కునేవాణ్ని. ఆ అమ్మాయి అయిదు నెలల్లో ఎంత నేర్చుకుందో, నేను అందులో పావు వంతు కూడా నేర్చుకోలేదు. నాకు తెలివి తక్కువై కాదు. నా స్కోరు నేను తప్పు చెప్పాను. దాంతో నా తప్పును సరిచేసేవాళ్లు లేకుండా పోయారు.

తప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌కు అసలు ధర ఇదే. కన్సల్టెన్సీకి కట్టే డబ్బు దాని ముందు ఎంత?

గొలుసులు ఎందుకొచ్చాయి?

హెడ్రిక్ కోర్సులో మొదట బుట్టలు లేవు. గురి కోసం వట్టి స్తంభాలు పాతారు. డిస్క్ స్తంభానికి తగిలిందా లేదా అని తగువులు. ఆ తగువులు తీర్చడానికే ఆయన గొలుసుల బుట్టను తయారుచేశాడు. గొలుసు గలగలమంటుంది, డిస్క్ బుట్టలో కనిపిస్తుంది. ఇక వాదనే లేదు. నమ్మకం మీద నడిచే ఆటకు కూడా ఏదో ఒక రుజువు కావాలి మరి.

ఉద్యోగాల్లోనూ గొలుసులు వచ్చేశాయి. నా రోజుల్లో వెరిఫికేషన్ అంటే ఒక మనిషి చిరునామాకు వెళ్లి చూడటం. ఇప్పుడు మీ పీఎఫ్ యూఏఎన్ నంబరు కింద ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది నమోదై ఉంటుంది. జీతంలో టీడీఎస్ కోసి ఉంటే ఆదాయపు పన్ను రికార్డుల్లో కనిపిస్తుంది. మార్కుల జాబితాలు, డిగ్రీలు డిజిలాకర్‌లోకి వస్తున్నాయి. రెండేళ్లు పనిచేశానంటారు, పీఎఫ్ ఖాతాలో ఒక్క నెల కూడా లేదు... ఏం సమాధానం చెబుతారు? పైగా ఇది ఉద్యోగం పోవడంతో ఆగేది కాదు. మోసం చేయడానికి కాగితాలు ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్ల వరకు జైలు. నకిలీదని తెలిసీ దాన్ని అసలుదిగా వాడినవాళ్లకూ అదే శిక్ష.

డిస్క్ గోల్ఫ్ టోర్నమెంట్లలో ఒక రూల్ ఉంది. స్కోరు కార్డు తప్పుగా ఇస్తే రెండు పెనాల్టీ విసుర్లు కలుపుతారు. పొరపాటున తప్పు రాసినా అంతే. నీళ్లలో పడితే ఒకటే, కార్డు తప్పితే రెండు. ఈ లెక్క నాకు చాలా నచ్చింది. ఓడిపోవడం కంటే తప్పు చెప్పడమే ఖరీదు.

'నిజం చెబితే పిలవరు కదా!'

మా వాడు ఆ రాత్రి ఇదే అన్నాడు. "ఫ్రెషర్ ఉద్యోగానికే రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. నిజం రాస్తే రెజ్యూమె తెరిచి కూడా చూడరు. మరి నన్నేం చేయమంటావు?"

వాడి కోపంలో న్యాయముంది. పని నేర్పే ఓపిక లేక, నేర్చుకుని వచ్చినవాళ్లే కావాలని అడిగే సంస్థలు చాలా ఉన్నాయి. అలా అడిగి నకిలీ లెటర్ల వ్యాపారానికి గిరాకీ పెంచిందీ వాళ్లే. ఆ తప్పు మీది కాదు. కానీ గాలి ఎటు వీచినా డిస్క్ ఎక్కడ పడిందో అక్కణ్నుంచే ఆడాలి. మీ డిస్క్ పడిన చోటు... ఏడాది గ్యాప్. లేదా మూడు బ్యాక్‌లాగ్స్. అక్కణ్నుంచి తర్వాతి విసురు ఏంటి?

నిజమైన అనుభవానికి దారులున్నాయి. నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ పోర్టల్‌లో డిగ్రీ, ఇంజినీరింగ్, డిప్లొమా పూర్తయినవాళ్లకు స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ నిజమైనది. ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్ ఉంది. 2024లో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ ఉంది. అర్హతలు, తేదీలు మారుతుంటాయి కాబట్టి ఆయా వెబ్‌సైట్లలోనే చూసుకోండి. ఇవేవీ కుదరకపోతే మీ ఊళ్లోనే మొదలుపెట్టండి. మా వైపు రొయ్యల రైతులు మేత లెక్కలు, నీటి పరీక్షల వివరాలు ఇంకా నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నారు. వాళ్లలో ఒకరికి చిన్న యాప్ చేసి పెట్టి, ఆర్నెల్లు నడిపించండి. ఎక్కడెక్కడ చెడిపోయిందో, ఎలా బాగుచేశారో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో దాని గురించి అరగంట మాట్లాడగలరు. నకిలీ ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్నకే నోరు ఎండిపోతుంది.

ఇక గ్యాప్ గురించి ఎలా చెప్పాలి? విసరడానికి ముప్పై సెకన్లే అన్నాను కదా. ఇదీ అంతే. "2023లో పాసయ్యాను. ఏడాది గ్రూప్-2కి చదివాను. రాలేదు. ఆర్నెల్లుగా టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. ఇదిగో, నేను చేసిన పని." అయిపోయింది. సాగదీయొద్దు, సారీ చెప్పొద్దు. గ్యాప్ ఒక పెనాల్టీ. ఒకే ఒక్క విసురు. దాన్ని దాచబోతే మొత్తం కార్డే పోతుంది.

'ఇది నాకు రాదు సార్, కానీ ఇంతవరకు తెలుసు' అనడం కూడా నేర్చుకోండి. ఎదుట కూర్చున్నాయనకు మీ స్కోరు నిజంగా తెలిస్తేనే ఎక్కడ ఎత్తుతున్నారో, ఎక్కడ జారుతున్నారో చెప్పగలడు. అందరూ చెప్పరు. కానీ ఎక్కడో ఒక పెద్దాయన ఉంటాడు, 'విసిరి చూపించు' అనేవాడు. ఆయన మీకు దొరకాలంటే మీరు ముందు 'ఎనిమిది' అనాలి.

నాకూ అలాగే దొరికాడు. ఊళ్లో ఆర్నెల్లు నాన్నతో చెరువుల దగ్గర తిరిగాక, ఒక చిన్న కంపెనీలో ఫ్రెషర్‌గా, ముందరి జీతంలో సగానికి చేరాను. జరిగింది ఇంటర్వ్యూలోనే చెప్పేశాను. ఆ మాట చెప్పడానికి పట్టింది ముప్పై సెకన్లే. దానికి ధైర్యం తెచ్చుకోవడానికి మాత్రం ఆర్నెల్లు పట్టింది.

మా వాడి సంగతి

డబ్బు సర్దలేదు. కోపగించుకుని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం తనే డిస్కులు తీసుకుని గట్టు మీదకొచ్చాడు. ఆ రోజు నా డిస్కే కాలవలో పడింది. వాడు చూస్తూనే ఉన్నాడు. "ఆరు" అన్నాను. వాడు మాట్లాడకుండా రాసుకున్నాడు.

ఉద్యోగం వచ్చిందా అంటారా? ఇంకా రాలేదు. అప్రెంటిస్‌షిప్‌కు అప్లై చేశాడు, చూస్తున్నాడు. మొన్న ఒక ఇంటర్వ్యూకి వెళ్లి ఫోన్ చేశాడు. "గ్యాప్ గురించి అడిగారు బాబాయ్, ఉన్నదున్నట్టు చెప్పాను. తీసుకోలేదు. కానీ ఎస్‌క్యూఎల్ సరిగ్గా రాలేదని, ఏం చదవాలో కాగితం మీద రాసిచ్చాడు ఆయన." గొంతులో నిరాశ ఉంది. కానీ ఆ కాగితం జేబులో పెట్టుకుని వచ్చాడు.

మీ దగ్గర కోర్సు ఉండకపోవచ్చు, గొలుసుల బుట్ట ఉండకపోవచ్చు. ఓ ప్లాస్టిక్ డిస్క్, ఓ చెట్టు, ఓ స్నేహితుడు చాలు. మనుషులు, బళ్లు తిరగని చోటు చూసుకుని ఈ ఆదివారం ఆడి చూడండి. ప్రతి చెట్టు దగ్గరా మీ స్కోరు మీరే పైకి చెప్పండి. మొదట్లో సిగ్గుగా ఉంటుంది. నాలుగో చెట్టుకు అలవాటవుతుంది. సోమవారం కూర్చుని రెజ్యూమె తెరిచి, అందులోని ఒక్కో లైనూ అదే గొంతుతో పైకి చదవండి. ఎక్కడ గొంతు తడబడితే అక్కడ దిద్దండి.